యాకూబ్ దాచిన పొన్నుకట్టె ముక్క

పానగల్లు యాకూబ్ మనిషి పొట్టి. గొంతు చిన్నది. లాఠీ ఎత్తితే అంగట్లో జనం చెదిరిపోయేంత దర్పం అతనిలో ఎన్నడూ లేదు. దూదేకుల ఇంట్లో పుట్టి, తండ్రి దూది ఏకుతుంటే గాలిలో తేలే పింజల మధ్య పెరిగి, ఎవరి సిఫారసుతోనో నిజాం సర్కారు పోలీసులో జవానుగా చేరాడు. కేతేపల్లి అవతల సడక్ పక్కనున్న ఠాణాలో చాలాకాలం ఉన్నాడు. ఆ ఠాణాకు ఏ అమీను పెద్దగా వచ్చినా, ఖూనీ అన్న మాట చెవిన పడగానే ముందు యాకూబ్‌నే పంపేవాడు.

అందుకు కారణం అతని తెలివి కాదు. శవం దగ్గర కూర్చోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఈగలు, వాసన, తలబాదుకునే ఆడవాళ్లు, అమీను ఎప్పుడొస్తాడో తెలియని ఎదురుచూపు. యాకూబ్ గొణక్కుండా కూర్చునేవాడు. కొత్తగా చేరినప్పుడు చిట్యాల దిక్కున ఒక ముసలి అమీను అతనికి ఈ పని నేర్పాడు. మనిషి చచ్చిన చోటికి పోగానే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమనేవాడు. కళ్లతో అంతా చూశాకే చెయ్యి పెట్టమనేవాడు. అడుగుజాడ మీద గంప బోర్లించడం, నెత్తురు పడ్డ మట్టిని పెళ్లగించి పెళ్లలాగే కొత్తగుడ్డలో కట్టడం, గుడ్డను కుట్టి కుట్టు మీద లక్క కరిగించి ఠాణా ముద్ర ఒత్తడం, ఆ మూటను అదాలత్ అడిగేదాకా మాల్‌ఖానా గదిలో ఎలుకలకూ చెదలకూ దక్కకుండా కాపాడడం, ఇదంతా ఆయన దగ్గర పట్టుబడిన విద్యే. ఆయన పోయాక వచ్చిన అమీన్లకు ఈ చాదస్తం అక్కర్లేకపోయింది. యాకూబ్ మాత్రం మానలేదు. చేతికి అలవాటైన పని, అంతే.

నువ్వు కట్టిన మూటలతో ఒక్కడన్నా జైలుకు పోయిండా అని భార్య అన్వరీ బేగం ఎత్తిపొడిచేది. పోయినవాళ్లు ఉన్నారు. కానీ అందరూ దిక్కుమొక్కు లేనివాళ్లే. గడీల నుంచి, అంటే దొరల కోటల్లాంటి ఇళ్ల నుంచి, ఒక్కడూ పోలేదు. ఆ సంగతి యాకూబ్‌కూ తెలుసు. తెలిసి కూడా లక్క కరిగిస్తూనే ఉండేవాడు.

నలభై ఎనిమిదో సంవత్సరం, మోదుగుపూలు రాలుతున్న రోజులు. పల్లెల్లో అప్పటికే నిప్పు రాజుకుంది. ఒక దిక్కు రజాకార్లు ఊళ్ల మీద పడి దోచుకుంటున్నారు, ఇంకో దిక్కు సంగపోళ్లు దొరల భూముల్లో ఎర్రజెండాలు పాతుతున్నారు. ఖాకీ బట్టలు తొడుక్కుని ఒంటరిగా ఊళ్లోకి పోవడానికి ఏ జవానూ ఇష్టపడటం లేదు. అలాంటప్పుడు నక్కలబండ నుంచి పోలీసు పటేలు కబురు పంపాడు. ఎల్లయ్య అనే కాపు మోట కొడుతుండగా గిరక మొద్దు ఊడి నెత్తి మీద పడి చచ్చిపోయాడని, శవం ఎత్తనీయకుండా పెండ్లాం మొండికేసిందని ఆ కబురు సారాంశం. అమీను నవ్వి, మరునాడు వస్తానని చెప్పి, యాకూబ్‌ని ముందుగా పొమ్మన్నాడు.

ఎల్లయ్య బావి ఊరికి తూర్పున ఉంది. దాని కింద ఒక చిన్న మడికట్టు. నక్కలబండ మొత్తంలో వేసవిలో కూడా ఊటపోని బావి అదొక్కటే. దొర కన్ను దాని మీద చాలా ఏళ్ల నుంచి ఉంది. సంగం అండ చూసుకుని ఎల్లయ్య ఆ ఏడు బావి ఇడువనని ముఖం మీదే చెప్పాడు. దొర తరఫున భూముల వ్యవహారం చూసేది ఆయన తమ్ముడు రఘుపతి. నేలకు ఆనే కొసకు ఇత్తడి పొన్ను తొడిగిన కట్టె చేతిలో లేకుండా అతణ్ని ఎవరూ చూడలేదు. ఆ కట్టె నేలకు తాకిన చప్పుడు వినగానే ఊళ్లోవాళ్లు గడపలు ఎక్కేవారు.

యాకూబ్ పోయేసరికి బావిగడ్డ చుట్టూ తుమ్మకంప వేసి ఉంది. కంప లోపల గొంగడి కప్పిన శవం, దాని పక్కన ఎల్లయ్య భార్య బిక్షమ్మ. నడివయసు మనిషి. ఏడవడం లేదు. చేతిలో కొడవలి పట్టుకుని కూర్చుంది. ఆమెకు పిల్లలు లేరు, ఇంటిదగ్గర చూపు మందగించిన అత్త ఒకతే ఉంది. కంపకు ఇవతల దూరంగా కొందరు మగవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. ఎవరూ దగ్గరికి రావడం లేదు. ఆమె కొడవలికి భయపడా, గడీకి భయపడా అన్నది చెప్పడం కష్టం.

"ఎవ్వల్నీ తొక్కనియ్యలే సాబ్," అంది బిక్షమ్మ. "కుక్కను గూడ రానియ్యలే. నువ్వే సూడు."

యాకూబ్ చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. గిరక మొద్దు బావి ఒడ్డున, శవం తలకు ఆనుకుని పడి ఉంది. మొద్దు మీద నెత్తురు లేదు. నెత్తురు ఉన్నది ఎడ్లు వెనక్కీ ముందుకూ నడిచే మోటబాటకు ఆ చివర, కానుగచెట్టు కింద. అక్కడ మట్టి తడిసి నల్లగా గడ్డకట్టింది. అక్కడినుంచి బావి ఒడ్డుదాకా బాట దుమ్ములో రెండు మడమలు ఈడ్చిన గీతలు. గీతలకు ఇరుపక్కలా ఇనప నాడాలు కొట్టిన బూట్ల జాడలు. నక్కలబండలో బూట్లు తొడిగే ఇల్లు ఒక్కటే.

"గిరక మీద పడితే నెత్తురు బాయి కాడ ఉండాలె గద," అంది ఆమె. "గా చెట్టు కింద ఎందుకున్నట్టు?"

అమీన్ సాబ్ వస్తడు, ఆయన రాసుకుంటడు అన్నాడు యాకూబ్. ఇంట్లో ఉన్న గంపలు తెమ్మన్నాడు. ఆమె తెచ్చిన గంపలను జాడల మీద ఒక్కొక్కటే బోర్లించాడు. ఆ పని చేస్తూ కానుగ రాలుటాకుల మధ్య ఒక మెరుపు చూశాడు. ఆకులు తప్పిస్తే బెత్తెడు కట్టె ముక్క కనపడింది. కొస విరిగి ఊడిపోయిన ముక్క. దానికి ఇత్తడి పొన్ను తొడిగి ఉంది. పొన్నుకూ కట్టెకూ నడుమ సందులో నాలుగైదు వెంట్రుకలు, వాటికి అంటి ఎండిపోయిన నెత్తురు. ఇన్నేళ్ల నౌకరీలో ఇంత తేటగా మాట్లాడిన వస్తువు యాకూబ్‌కు దొరకలేదు. ఆ ముక్కను కదిలించకుండా దాని మీద ఒక మూకుడు బోర్లించాడు.

సాయంత్రం గీత కార్మికుడు కాటమయ్య వచ్చి, కంప అవతల నుంచే యాకూబ్‌తో రెండు మాటలు చెప్పి పోయాడు. తాను అప్పుడు తాటిచెట్టు మీద ఉన్నాడు. అరుపు వినపడితే తిరిగి చూశాడు. రఘుపతినీ, అతనితో ఉన్న ఇద్దరు జీతగాళ్లనూ చూశాడు. అమీను అడిగితే చెప్తానన్నాడు. మాట అంటున్నంతసేపూ అతను గడీ దిక్కే చూస్తున్నాడు.

అమీను మరునాడు పొద్దెక్కాక వచ్చాడు. ఠాణా నుంచి తిన్నగా బావికి రాలేదు, గడీలో భోజనం చేసి వచ్చాడు. పక్కన రఘుపతి ఉన్నాడు. ఇద్దరూ మెల్లగా ఏదో మాట్లాడుకుంటూ బావిగడ్డ ఎక్కారు. రఘుపతి చేతిలో కట్టె లేదు. అది ఊరంతా చూసింది. చూసి తలలు వంచుకుంది.

రఘుపతి మనుషులు తుమ్మకంప లాగేశారు. శవానికి దారియ్యండని అరుస్తూ గంపలను కాళ్లతో పక్కకు నెట్టారు. యాకూబ్ ముందుకొచ్చి, హుజూర్, ఆ గంపల కింద జాడలున్నాయని ఉర్దూలో అన్నాడు. అమీను అతని దిక్కు చూడనైనా చూడలేదు. తాగడానికి నీళ్లు కావాలన్నాడు. నీళ్లు తెచ్చేవాళ్లు, గొడుగు పట్టేవాళ్లు, ఊరికే ఎగబడేవాళ్లు, అందరూ కలిసి మోటబాటను సంత దారి చేశారు. చూస్తుండగానే మడమ గీతలు పోయాయి, నాడాల జాడలు పోయాయి. కానుగ కింది నెత్తురు మట్టిని ఎవరో పారతో ఎత్తి మడిలోకి విసిరారు. బిక్షమ్మ ఒక్కొక్క గంప దగ్గరికీ ఉరికింది. ఒక గంప మీద వాలి రెండు చేతులతో కప్పుకుంటే, ఇద్దరు రెక్కలు పట్టి అవతలికి లాగారు.

పంచనామాకు ఊరి నుంచి ఐదుగురిని నిలబెట్టారు. అందులో కాటమయ్య ఒకడు. మోటతాడు తెగి, గిరక మొద్దు జారి, నెత్తి మీద పడి చావు సంభవించిందని అమీను చెప్తుంటే ఠాణాలో రాతపని చూసే ముహర్రిర్ రాశాడు. ఏమన్నా తెలిస్తే చెప్పండని అమీను ఐదుగురినీ అడిగాడు. ఆ మాట అడిగేటప్పుడు రఘుపతి భుజం అమీను భుజానికి తాకుతోంది. నలుగురు వేలిముద్రలు పెట్టారు. కాటమయ్య చెయ్యి కాసేపు గాలిలో ఆగింది. తర్వాత అతనూ పెట్టాడు.

అప్పుడు యాకూబ్ మూకుడు తీసి, కట్టె ముక్కను ఆకులో పెట్టి అమీను ముందుకు తెచ్చాడు. అమీను దాన్ని చూశాడు. రఘుపతి కూడా చూశాడు. అతని మొహంలో ఏమీ మారలేదు. అమీను విసుక్కుని, ఎడ్లను అదిలించే కట్టె ముక్కను పట్టుకుని ఊరేగుతున్నావా, అవతల పారెయ్యమన్నాడు. ఆ వెంటనే పంచనామా కాగితం ముందుకు తోసి, మౌకా మీద, అంటే చావు జరిగిన చోట, హాజరున్న జవానుగా దస్తఖత్ పెట్టమన్నాడు.

యాకూబ్ దస్తఖత్ పెట్టాడు. పెట్టకపోతే ఏమవుతుందో అతనికి తెలుసు. పానగల్లులో ముసలి తల్లిదండ్రులు, ఠాణా వెనక కిరాయింట్లో అన్వరీ బేగం, వీళ్లంతా ఆ కలం పట్టుకున్నప్పుడు కళ్లముందు తిరిగారు. తర్వాత కట్టె ముక్క పారేయడానికి తుప్పల్లోకి పోయాడు. చెయ్యి విసిరినట్టు విసిరి, ముక్కను నడుముకున్న పట్కాలో దోపుకున్నాడు. వెనక్కి తిరిగితే బిక్షమ్మ చూస్తోంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, ముహర్రిర్ అన్నానికి పోయినప్పుడు, యాకూబ్ ఆ ముక్కను కొత్తగుడ్డలో చుట్టి కుట్టాడు. లక్క కరిగించి ఠాణా ముద్ర వేశాడు. ఊరిపేరు, చచ్చినవాని పేరు, దొరికిన జాగా రాసిన చీటీ ఒకటి దారంతో కట్టాడు. మాల్‌ఖానాలో పాత సారాకుండల వెనక పెట్టాడు. దానికి నంబరు లేదు, అది ఉన్నట్టు ఏ దఫ్తర్‌లోనూ లేదు. ఎందుకు దాచాడంటే అతను సరిగ్గా చెప్పలేకపోయేవాడు. ఏదో ఒకరోజు వేరే అమీను రావచ్చు. పైనుంచి జిల్లా పోలీసు పెద్ద మొహతమీమ్ సాబ్ తనిఖీకి రావచ్చు. సర్కారే మారుతుందని కూడా జనం అనుకుంటున్నారు.

బిక్షమ్మ అంగడి రోజుల్లో వచ్చేది. మిరపకాయలో, సొరకాయో తలమీద పెట్టుకుని ఠాణా గోడవారన నిలబడేది. యాకూబ్ బయటికొస్తే, ఉన్నదా అని కళ్లతో అడిగేది. ఉన్నదని అతను తల ఊపేవాడు. అంతకంటే ఎక్కువ మాట్లాడుకునే కాలం కాదది. ఒకసారి మాత్రం ఆమె ఆగి, దొరోళ్లు బాయి మీద మోట పెట్టిండ్రు అన్నా, మడి దున్నుతాండ్రు, నేను అడ్డం పోతే కొట్టిండ్రు అని చెప్పింది. అంతవరకు సాబ్ అని పిలిచిన మనిషి ఆరోజు అన్నా అంది. యాకూబ్, జర ఓపిక పట్టు చెల్లె, మన తాన వస్తువున్నది అన్నాడు. ఇంటికి పోయాక ఆ మాట అనకుండా ఉండాల్సిందనిపించింది. ఆ బెత్తెడు కట్టె మీద ఆమె ఎంత బరువు మోపుతోందో అతనికి కనపడసాగింది.

ఎండలు ముదిరాక కాటమయ్య ఊరు విడిచి సంగపు దళంలో కలిశాడని తెలిసింది. వేలిముద్ర వేసిన చేత్తో ఊళ్లో తల ఎత్తుకోలేకపోయాడని కొందరన్నారు. ఆ వేసవిలో యాకూబ్ కూడా చేయకూడని పని చేశాడు. రజాకార్లు ఒక ఊరి మీద పడ్డప్పుడు, అమీను హుకుం మీద, ఊరి బయట దారికి అడ్డంగా నిలబడిన జవానుల్లో అతనొకడు. ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. కానీ పారిపోయి వచ్చిన ఆడవాళ్లు అతని ఖాకీ చూసి మళ్లీ మంటల దిక్కే తిరిగారు. యాకూబ్ ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

వానకాలం చివర యూనియన్ సైన్యం బెజవాడ సడక్ మీదుగా వస్తోందన్నారు. మూసీ మీది వంతెన పేల్చిన చప్పుడు ఠాణా కిటికీలను కదిలించింది. అమీను పొద్దున్నే జీపెక్కి పట్నం దిక్కు పోయాడు. జవాన్లు ఒక్కొక్కరే ఖాకీ విప్పి లుంగీలు కట్టుకున్నారు. కొందరు తుపాకులు ఎత్తుకుపోయారు. యాకూబ్ మాల్‌ఖానాలోకి పోయి, సారాకుండల వెనక నుంచి మూట తీసుకుని చంకన పెట్టుకున్నాడు. ఠాణాను వదిలిపెడితే దాన్ని ఎవరో ఒకరు తగలబెడతారని అతను అనుకున్నాడు. అనుకున్నట్టే ఆ సాయంత్రానికి తగలబడింది.

తర్వాతి రోజులు ముసల్మానులకు పగలు కూడా రాత్రే. రజాకారెవరో, దూదేకులవాడెవరో ఎవరూ విడదీసి చూడలేదు. యాకూబ్, అన్వరీ బేగం జొన్నచేలల్లో నడిచారు. వాగు దాటేటప్పుడు ఛాతీదాకా నీళ్లు. మూటను తలమీద పెట్టుకున్నా సగం తడిసింది. ఒక గడ్డివాములో రెండు పూటలు దాక్కున్నప్పుడు దాన్ని గడ్డిలోకి దూర్చి మీద పడుకున్నాడు. పానగల్లు చేరేసరికి ఇంటి తలుపులు లేవు. దూదేకే విల్లు విరిగి వాకిట్లో పడి ఉంది. తల్లిదండ్రులు లేరు. బావిలో పడేశారని ఒకరు, నల్లగొండ దిక్కు పోయారని ఒకరు చెప్పారు. అతను బావిలో చూశాడు. నల్లగొండలో వెతికాడు. ఎక్కడా ఏ ఆనవాలూ దొరకలేదు. ఫిర్యాదు చేద్దామంటే వినేవాడు లేడు. తన ఇంటి గుమ్మంలో నిలబడి చేతులు వెనక్కి కట్టుకోవడం కూడా అతనికి చేతకాలేదు. అలాగే మట్టిలో కూలబడ్డాడు.

కొత్త సర్కారు దఫ్తర్లు కుదురుకున్నాక ఒక పగటిపూట బిక్షమ్మ అతణ్ని వెతుక్కుంటూ పానగల్లు వచ్చింది. యూనియన్ సర్కారు వచ్చింది, నల్లగొండలో కొత్త పోలీసు ఆఫీసరు కూర్చున్నాడు, తెలుగు మాట్లాడతాడంట, మంచోడంట అని చెప్పింది. పోకుమని అన్వరీ బేగం కాళ్లావేళ్లా పడింది. మనోళ్ల సంగతి అడగనీకె నోరు రాదు గని పరాయోళ్ల కట్టె పట్టుకొని పోతవా అంది. తన తల్లిదండ్రుల కోసం చూపించడానికి యాకూబ్ చేతిలో ఏమీ లేదు. ఎల్లయ్య కోసం ఇదొకటుంది. అతను మూట తీసుకుని బిక్షమ్మ వెంట నడిచాడు.

ఆఫీసరు కోస్తా దిక్కు నుంచి వచ్చినవాడు. చెడ్డవాడు కాదు. ఇద్దరినీ లోపలికి పిలిచి, బిక్షమ్మ చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నాడు. ఆమె బాస అర్థం కాని చోట మళ్లీ అడిగి తెలుసుకున్నాడు. యాకూబ్‌కు చాలా కాలం తర్వాత కాస్త ఊపిరాడినట్టయింది. మూట బల్ల మీద పెట్టాడు.

ఆఫీసరు లక్కముద్ర చూసి, ఇది ఎవరు వేశారని అడిగాడు. తానే వేశానన్నాడు యాకూబ్. ఎవరి ముందు వేశావని అడిగాడు. ఎవరూ లేనప్పుడని చెప్పాల్సి వచ్చింది. దాని నంబరెంతని అడిగాడు. లేదన్నాడు. ఠాణా తగలబడిన నాటి నుంచి ఎక్కడుందని అడిగాడు. వాగు, గడ్డివాము, తన ఇల్లు. యాకూబ్ ఒక్కొక్కటే చెప్పాడు. ఆఫీసరు లేచి బీరువా నుంచి ఒక కాగితం తీశాడు. ఠాణా కాలిపోయినా, ముందే పైకి పంపిన పంచనామా నకలు జిల్లా కచేరీలో చెక్కుచెదరకుండా ఉంది.

"ఈ సంతకం నీదేనా?"

"నాదే సాబ్."

"గిరక పడి చనిపోయాడని దీని కింద సంతకం పెట్టావు. కొట్టి చంపారని ఇప్పుడంటున్నావు. నేను ఏ యాకూబ్‌ని నమ్మాలి?"

యాకూబ్ బల్ల మీది మూటను ఆఫీసరు దిక్కు జరిపాడు.

చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఆఫీసరు అడిగాడు. కాటమయ్య ఉన్నాడని బిక్షమ్మ చెప్పింది. ఆ పేరు విని ఆఫీసరు తలెత్తాడు. ఆ కమ్యూనిస్టు పోయిన వారమే అడవిలో మిలిటరీ కాల్పుల్లో చచ్చిపోయాడని చెప్పాడు. బిక్షమ్మకు అది అక్కడే తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆఫీసరు మూట కుట్టు కోశాడు. లోపల గుడ్డకు బూజు పట్టింది. తడిసిన కట్టెను పురుగు తొలిచి పిండి చేసింది. తీయగానే పొన్ను విడిపోయి బల్ల మీద దొర్లింది, పచ్చగా కిలుం పట్టి ఉంది. ఆ పిండిలో రెండో మూడో వెంట్రుకలున్నాయి. నెత్తురుదని చెప్పదగ్గ రంగు ఎక్కడా లేదు.

"పట్నంలో గివి సూసి చెప్పేటోళ్లుంటరంట సాబ్," అన్నాడు యాకూబ్.

"ఉంటారు. మనిషి వెంట్రుకే అని చెప్పారనుకో. అది ఎల్లయ్యదనీ, ఆ చెట్టు కిందే దొరికిందనీ ఎవరు చెప్పాలి? నువ్వేగా?" ఆఫీసరు చేతులు తుడుచుకున్నాడు. ఆ తర్వాత కాస్త మెత్తగా, "ఠాణాలోనే వదిలేసినా కాలిపోయేదిలే," అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు గాని, యాకూబ్‌కు ఆ మాట తిట్టుకంటే ఎక్కువగా తగిలింది.

పొన్ను గుర్తుపట్టడానికి ఊరివాళ్లను పిలిపించమని బిక్షమ్మ బతిమాలింది. అది రఘుపతి కట్టెదని నక్కలబండలో ఎవరినడిగినా చెప్తారంది. అప్పుడు ఆఫీసరు జవానుతో చెప్పి వరండాలో కూర్చున్న మనిషిని లోపలికి పిలిపించాడు. ఖద్దరు లాల్చీ, తెల్లటోపీ. రఘుపతి. ఊళ్లలో శాంతి నెలకొల్పడానికి కొత్త సర్కారు వేసిన కమిటీలో నక్కలబండ దిక్కుకు అతనే పెద్ద. పొన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇసువంటి పొన్నులు జిల్లాలో వెయ్యి కట్టెలకుంటాయని మర్యాదగా చెప్పి బల్ల మీద పెట్టాడు. తర్వాత యాకూబ్ దిక్కు వేలు చూపించాడు. ఈ మనిషి రజాకార్ల వెంట ఊళ్లు తగలబెట్టడానికి పోయినవాడని, సాక్షులను తెస్తానని అన్నాడు.

అదంతా నిజం కాదు. అలాగని పూర్తి అబద్ధమూ కాదు. నువ్వు ఆరోజు అక్కడున్నావా అని ఆఫీసరు అడిగితే, యాకూబ్ ఉన్నానన్నాడు. ఇంకో అబద్ధానికి దస్తఖత్ పెట్టే ఓపిక అతనిలో లేదు. ఆ పగలే అతణ్ని లోపల వేశారు. మూటలోని పిండినీ గుడ్డనూ ఊడ్చేవాడు చీపురుతో ఎత్తి బయట పారేశాడు. పొన్ను ఎక్కడికి పోయిందో ఎవరూ చూసుకోలేదు.

బిక్షమ్మ ఒంటరిగా ఊరికి నడిచిపోయింది. దళాలకు అన్నం పెడుతోందని ఎవరో చెప్పగా మిలిటరీవాళ్లు ఆమె గుడిసె పీకేశారు. అత్తను తీసుకుని చుట్టాల ఊరికి పోయింది. అక్కడా నిలవనీయలేదు.

యాకూబ్ విచారణ ఏమిటో తెలియకుండానే జైల్లో చాలాకాలం ఉన్నాడు. అతని మీద సాక్షులు రాలేదు. ఏదీ రుజువు కాకపోయినా తిరిగి నౌకరీ ఇయ్యలేదు. బయటికి వచ్చేనాటికి అన్వరీ బేగం చిక్కి శల్యమై, ఇళ్లల్లో గిన్నెలు తోముతోంది. తెలిసినవాళ్లు చెప్పగా అతనికి నల్లగొండ దవాఖానలో కావలి పని దొరికింది. రోగులను వరుసలో నిలబెట్టడం, ఆవులు లోపలికి రాకుండా చూడడం. జైలు తర్వాత అతను మాట్లాడటం బాగా తగ్గించాడు. రోడ్డు ప్రమాదాల్లో చచ్చినవాళ్లను బండ్లమీద తెచ్చినప్పుడు, కొత్త పోలీసులు బట్టలూ వస్తువులూ కుప్పగా వేసి పోయేవాళ్లు. యాకూబ్ అటు పోయేవాడు కాదు. తాకనైనా తాకేవాడు కాదు.

యాభై ఒకటి చలికాలంలో బిక్షమ్మ అత్తను భుజం మీద వాల్చుకుని దవాఖాన గేటు లోపలికి వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసింది. యాకూబ్ ముందుగా గుర్తుపట్టాడు. ముసలమ్మకు కళ్లు పూర్తిగా పోయాయని, ఏమన్నా చూస్తారేమోనని తెచ్చానని చెప్పింది. అతను ఆమెను వేపచెట్టు నీడకు తీసుకుపోయి, చాయ్ తెచ్చి ఇచ్చాడు.

"నీ అమ్మనాయినల సంగతి ఏమన్న తెలిసిందా అన్నా?" అని అడిగింది బిక్షమ్మ.

"లేదు."

"నాకొక్కటే మాట తిరుగుతుండె మనసుల," అంది ఆమె. "ఆ దినం నేను గా కంప ఎయ్యకపోతే, నువ్వు గా కట్టె ఏరకపోతే, నీకు జైలు ఉండకపోవు. ఇగ నేను ఆ సంగతి ఇడిసిపెట్టిన. నువ్వు గూడ ఇడిసిపెట్టు."

యాకూబ్ తల ఊపాడు. విడిచిపెట్టడానికి ఏం మిగిలిందో అతనికి తెలియలేదు. కళ్ల డాక్టరు ఆరోజు రాలేదని, మరునాడు వస్తాడో లేదో కూడా ఎవరికీ తెలియదని లోపలినుంచి కబురొచ్చింది. బిక్షమ్మ వరండా మూలన గోనెసంచి పరిచి అత్తను పడుకోబెట్టింది. ముసలమ్మ చలికి వణుకుతోంది. యాకూబ్ తన కావలి కోటు విప్పి ఆమె మీద కప్పి, గేటు దగ్గర లోపలికి వస్తున్న ఆవును అదిలించడానికి పోయాడు.